క్రౌన్ ప్లగ్ దగ్గర ఆయిల్ లీక్: బిగించే ముందు సీల్ ఎక్కడ పడుతుందో చూడాలి (కేస్ స్టడీ)

బండి పాత తరం జీప్ రకం, ఫోర్ వీల్ డ్రైవ్. వెనక ఇరుసుకి పోత ఇనుము హౌసింగ్, దాని వెనక బోల్టులతో బిగించిన రేకు కవర్. యజమానిది కైకలూరు వైపు, చేపల చెరువులు. బండి సగం రోజులు చెరువు గట్ల మీదే తిరుగుతుంది, వానాకాలంలో ఇరుసు మునిగేంత నీళ్ళలో కూడా దిగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేసరికి దాని మీద ఉన్న కంప్లయింట్ ఒక్కటే: క్రౌన్ (డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి పంచే పళ్ళ చక్రాల పెట్టె) కింద ఆయిల్ కారడం ఆగట్లేదు.

"ఎంత బిగించినా కారుతూనే ఉందండీ. ఇంక వెల్డింగ్ పెట్టేయండి, గొడవ వదిలిపోద్ది" అన్నాడాయన. వెల్డింగ్ పెడితే ఆ తర్వాత ఆయిల్ మార్చేది ఎలా అని అడిగితే, అది మీరే చూసుకోవాలి అన్నట్టు నవ్వాడు. అంత విసిగిపోయి ఉన్నాడు. నాలుగైదు చోట్ల చూపించుకొచ్చిన బండి ఇది. ప్రతి చోటా పానాకి పైపు తొడిగి ఇంకొంచెం బిగించి పంపారు. కొందరు టెఫ్లాన్ టేపు చుట్టారు, కొందరు ఎర్ర సిలికాన్ పూశారు, ఒకరైతే డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ వదలడానికి అడుగున ఉండే మర బిరడా) చుట్టూ ఎం-సీల్ ముద్ద పెట్టి వదిలారు.

వీటిలో ఏదీ పనికిమాలిన సరుకు కాదు. దేని చోటు దానికి ఉంది. ఈ బండి మీద మాత్రం ఒక్కటీ దాని చోట్లో లేదు.

రెండు రకాల ప్లగ్గులు, రెండు రకాల సీలింగ్

కేసులోకి వెళ్ళేముందు ఇది చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. డిఫరెన్షియల్‌కి వచ్చే ప్లగ్గులు రెండు జాతులు. మొదటిది టేపర్ త్రెడ్, అంటే కొస సన్నంగా, పైకి వచ్చేకొద్దీ లావుగా ఉండేది. సీసాకి బిరడా ఎలా బిగుస్తుందో ఇదీ అలాగే బిగుస్తుంది. ప్లగ్ మర చుట్లు, రంధ్రం మర చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని అక్కడే సీల్ పడుతుంది. దీనికి తల కింద ఫ్లాంజ్ (వెడల్పాటి అంచు) ఉండదు, వాషర్ అక్కర్లేదు. చుట్ల శిఖరాల దగ్గర మిగిలే సన్నని సందుల్ని నింపడానికి పేస్టో టేపో కావాలి.

రెండోది ప్యారలల్ త్రెడ్. కొస నుంచి తల దాకా ఒకే లావు. ఇందులో త్రెడ్ పని పట్టుకోవడం, లాగడం మాత్రమే. సీల్ పడేది తల కింద, ఫ్లాంజ్‌కీ హౌసింగ్ ముఖానికీ మధ్య. అక్కడ రాగి వాషరో, అల్యూమినియం వాషరో, ఓ-రింగో, స్టీలు చక్రం లోపలి అంచున రబ్బరు అతికించిన బాండెడ్ సీలో ఉండాలి. ఇప్పుడొచ్చే చాలా ఎస్‌యూవీలకి డిఫరెన్షియల్ ప్లగ్గులు ఈ రకమే.

ప్రమాణాలు రాసినవాళ్ళు కూడా పైపు త్రెడ్‌లని ఇలాగే విడగొట్టారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 554 (అంతర్జాతీయంగా ఐఎస్ఓ 7-1) త్రెడ్ మీదే సీల్ పడే పైపు త్రెడ్‌లకి. ఐఎస్ 2643 (ఐఎస్ఓ 228-1) త్రెడ్ మీద సీల్ పడని వాటికి. లావు, పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) రెండింటిలోనూ ఒకే వరసలో ఉన్నా, సీల్ ఎక్కడ పడుతుందన్న ఒక్క తేడాతో విడివిడి ప్రమాణాలయ్యాయి.

ప్లగ్ చేతిలోకి వచ్చాక ఏ జాతో తేల్చడానికి వెర్నియర్ చాలు. కొస దగ్గర చుట్టు మీద ఒకసారి, తల దగ్గర చుట్టు మీద ఒకసారి కొలవాలి. పైపు టేపర్ 1:16, అంటే 16 మి.మీ. పొడవుకి వ్యాసంలో 1 మి.మీ. తేడా వస్తుంది. కంటికి సరిగ్గా ఆనదు గానీ వెర్నియర్‌కి స్పష్టంగా దొరుకుతుంది.

ముందు ఎక్కడినుంచి కారుతోందో తేల్చడం

బండి లిఫ్ట్ మీద ఎక్కించేసరికి హౌసింగ్ కింది సగమంతా ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడిన పొర. డ్రెయిన్ ప్లగ్ తడిగా ఉంది, దాని తల నుంచి చుక్క వేలాడుతోంది. అందరూ డ్రెయిన్ ప్లగ్‌నే పట్టుకున్నారంటే కారణం ఇదే. కానీ డ్రెయిన్ ప్లగ్ అన్నిటికన్నా కింద ఉంటుంది. పైన ఎక్కడ కారినా చుక్క రాలేది అక్కడినుంచే. ఫిల్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా), కవర్ గ్యాస్కెట్, పినియన్ ఆయిల్ సీల్ (డ్రైవ్ షాఫ్ట్ లోపలికి వచ్చే చోటిది), బ్రీతర్ (లోపలి గాలి బయటికి పోయే వాల్వు), వీటిలో దేని నుంచి వచ్చిన ఆయిలైనా గోడ వెంట జారి కిందికి చేరుతుంది. బండి పరుగెత్తేటప్పుడు గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది.

కిరోసిన్, బ్రష్షుతో మొత్తం కడిగి, తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరబెట్టాం. ఎం-సీల్ ముద్దని మెల్లగా గీకి తీశాం. పూర్తిగా పొడిబారాక హౌసింగ్ మీదా కవర్ మీదా టాల్కమ్ పౌడర్ చల్లి, బండిని బైపాస్ మీద వేడెక్కేదాకా తిప్పాం. చల్లగా ఉన్న బండిని నిలబెట్టి లీక్ వెతకడంలో అర్థం లేదు. ఆయిల్ పలచబడాలి, లోపల గాలి వ్యాకోచించాలి, అప్పుడే అసలు దారి బయటపడుతుంది.

తిరిగొచ్చాక చూస్తే పౌడర్ మీద రెండు జాడలు. ఒకటి అనుకున్నట్టే డ్రెయిన్ ప్లగ్ ఫ్లాంజ్ చుట్టూ, అదీ ఒక పక్కనే, చంద్రవంక ఆకారంలో. రెండోది ఎవరూ అనుమానించని ఫిల్ ప్లగ్ కింద, సన్నని గీత. ఆ గీత హౌసింగ్ వంపు మీదుగా జారి కవర్ అంచుని తాకి డ్రెయిన్ వైపు తిరిగింది. పినియన్ సీల్ దగ్గర పొడిగా ఉంది. కవర్ గ్యాస్కెట్ కూడా బాగానే ఉంది.

బ్రీతర్ దగ్గర ఏ జాడా లేదు. అది మంచి వార్త అనిపించింది గానీ విప్పి చూస్తే కాదు. ఇరుసు గొట్టం మీదున్న ఆ చిన్న వాల్వు మూత మట్టితో బిగుసుకుపోయి, నోటితో ఊదినా గాలి దాటలేదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 30 డిగ్రీల దగ్గర మూసేసిన గాలి 90 డిగ్రీలకి వేడెక్కితే, కెల్విన్ లెక్కలో 303 నుంచి 363 కి పెరిగినట్టు. బయటికి దారి లేకపోతే లోపలి ఒత్తిడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, అంటే సుమారు 20 శాతం. దాదాపు 0.2 బార్, మన భాషలో 3 పీఎస్ఐ. ఆయిల్ కూడా వ్యాకోచించి గాలి చోటుని ఇంకా తగ్గిస్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. టైరు గాలితో పోలిస్తే ఏమీ కాదు. కానీ వేడికి పలచబడిన ఆయిల్‌ని సరిగా కూర్చోని వాషర్ కిందనుంచి తోసేయడానికి అది చాలు.

వ్యతిరేక దిశలో జరిగేది ఇంకా నష్టం. వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చెరువు నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బ్రీతర్ మూసుకుంది కాబట్టి గాలి ఏ సందునుంచైనా లోపలికి రావాలి. ఆ సందు అప్పుడు నీళ్ళ కింద ఉంటుంది. ఆయిల్ బయటికి వచ్చిన దారినే నీళ్ళు లోపలికి పోతాయి.

ఆయిల్ వదిలినప్పుడు

క్రౌన్ ఆయిల్ వదిలే ముందు ఫిల్ ప్లగ్ ముందు విప్పాలి, డ్రెయిన్ తర్వాత. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మా షెడ్డులో ముందు చెప్పే పాఠాల్లో ఇదొకటి. డ్రెయిన్ విప్పి ఆయిలంతా వదిలేశాక ఫిల్ ప్లగ్ రాకపోతే బండి కదలదు, ఆయిల్ పోయడానికి దారి ఉండదు. ఈ బండికి ఫిల్ ప్లగ్ రావడానికి మొండికేసింది. తల బయటికి పొడుచుకొచ్చిన నలుచదరపు ప్లగ్ అది. చుట్టూ హౌసింగ్‌ని హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి, సరైన పానా పెట్టి తీస్తే వచ్చింది. గ్యాస్ టార్చ్ జోలికి వెళ్ళలేదు. ఆయిల్ ఉన్న హౌసింగ్ దగ్గర మంట ఎందుకు?

వచ్చిన ఆయిల్ బూడిద రంగు పాలలా ఉంది. ఇనుప పెనం స్టవ్ మీద వేడి చేసి ఒక చుక్క వేశాం. చిటపటమని పేలింది. నీళ్ళు కలిశాయని చెప్పడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. మంచి ఆయిల్ చుక్క చప్పుడు చేయకుండా పొగలు మాత్రం వదులుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తల దగ్గర పెట్టకూడదు.

డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం ఉన్న రకం కాదు కాబట్టి ముక్కలు, రేకులు ఏమైనా ఉన్నాయేమో కవర్ విప్పాక హౌసింగ్ అడుగున వెతికాం. మెత్తని బూడిద రంగు బురద తప్ప ఏమీ లేదు. క్రౌన్ వీల్ పళ్ళ మీద తుప్పు మచ్చలు ఇంకా పడలేదు. ఇంకో వానాకాలం గడిస్తే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఫిల్ ప్లగ్: పైపుల కొట్టు నుంచి వచ్చిన బిరడా

తీసిన ఫిల్ ప్లగ్‌ని కిరోసిన్‌లో కడిగి చూస్తే దాని మీద జింకు పూత మిగుళ్ళు కనిపించాయి. ఇది బండి ప్లగ్ కాదు. పైపుల కొట్టులో దొరికే అరంగుళం జీఐ (జింకు పూత ఇనుము) ప్లగ్. అసలుది ఎప్పుడో పోయి ఉంటుంది, లేదా సాకెట్ అరిగి ఉంటుంది. దగ్గర్లో దొరికింది తెచ్చి బిగించారు.

టేపరే కదా, పిచ్ కూడా సరిపోయింది కదా, మరి తప్పేంటి? ఇక్కడే చాలామంది మోసపోతారు. ఈ జీప్ రకం ఇరుసుల మూలం అమెరికా. వాటి ఫిల్ రంధ్రాలకి ఎన్‌పీటీ, అంటే అమెరికా పద్ధతి టేపర్ పైపు త్రెడ్. మన పైపుల కొట్టులో అమ్మేది బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పద్ధతి పైపు త్రెడ్. అరంగుళం సైజులో ఎన్‌పీటీకీ, బీఎస్‌పీకీ రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. టేపర్ కూడా రెండింటికీ 1:16. అందుకే ఒకదాని ప్లగ్ ఇంకోదాని రంధ్రంలోకి ఏ గొడవా లేకుండా ఎక్కుతుంది, బిగుస్తుంది కూడా. ముప్పావు అంగుళంలోనూ ఇదే తంతు. పావు అంగుళం, మూడెనిమిదో వంతు సైజుల్లో ఎన్‌పీటీకి 18, బీఎస్‌పీకి 19 చుట్లు కాబట్టి అక్కడ కొద్ది చుట్లకే పట్టేసి మన తప్పు చెబుతుంది. అరంగుళం అలా చెప్పదు.

తేడా చుట్టు కోణంలో ఉంది. ఎన్‌పీటీది 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. శిఖరాల ఆకారం కూడా వేరు, ఎన్‌పీటీవి చదునుగా, బీఎస్‌పీవి గుండ్రంగా ఉంటాయి. దాంతో గోడకి గోడ పూర్తిగా ఆనదు. చుట్టు వెంట ఒక సన్నని సర్పిలాకారపు దారి లోపలినుంచి బయటిదాకా మిగిలిపోతుంది. టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఆ దారి కొన్నాళ్ళు మూసుకుంటుంది. ఒత్తిడి లేకపోతే బహుశా చాలాకాలం కూడా. బ్రీతర్ మూసుకున్న రోజు నుంచి దారి తెరుచుకున్నట్టే.

పిచ్ గేజ్‌తో (మర పళ్ళున్న ఆకుల సెట్టు) దీన్ని పట్టుకోవాలంటే కోణం చూడాలి. 55 డిగ్రీల సెట్టులోని 14 ఆకుని ప్లగ్ మీద పెట్టి లైటుకి ఎదురుగా చూస్తే వెలుగు రాలేదు. 60 సెట్టులోని 14 ఆకు పెడితే చుట్ల గోడల పక్కన సన్నగా వెలుగు కనిపించింది. చుట్ల సంఖ్య మాత్రమే లెక్కపెట్టి సరిపోయిందనుకుంటే దొరకని తేడా ఇది.

ఇంకో భయం కూడా ఉంది. టేపర్ ప్లగ్ లోపలికి పోయేకొద్దీ రంధ్రాన్ని నాలుగు వైపులా బయటికి తోస్తుంది. పోత ఇనుము నొక్కుడుకి గట్టిది, లాగుడుకి బలహీనం. పైపు తొడిగిన పానాతో ఏళ్ళ తరబడి బిగిస్తే రంధ్రం చుట్టూ పగులు రావచ్చు. పగులుంటే ఏ పేస్టూ పనికిరాదు. అందుకని ఎర్ర డై పెనిట్రెంట్ (పగుళ్ళలోకి దూరే రంగు ద్రవం) కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లి చూశాం. ఎర్రగీత ఏదీ పైకి రాలేదు. యజమాని ఊపిరి పీల్చుకున్నాడు, మేమూ పీల్చుకున్నాం.

రంధ్రం చుట్లు కొద్దిగా నలిగాయి గానీ తినలేదు. 1/2-14 ఎన్‌పీటీ ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) తెప్పించి, దాని గాళ్ళలో గ్రీజు నింపి, చేత్తోనే నెమ్మదిగా నడిపాం. గ్రీజు ఎందుకంటే, రాలిన రజను అందులో అతుక్కుని ట్యాప్‌తో పాటే బయటికి వస్తుంది. ఇక్కడ లోతుగా కోయాలని ఆశపడకూడదు. టేపర్ ట్యాప్ లోతుగా పోయేకొద్దీ రంధ్రం లావవుతుంది, ప్లగ్ మునిగిపోతుంది. కొత్త ఎన్‌పీటీ ప్లగ్ చేత్తో తిప్పి చూసుకుంటూ, సుమారు నాలుగున్నర చుట్లకి చేత్తో బిగుసుకునే దగ్గర ఆగాం. ఆ సైజుకి ప్రమాణం చెప్పేది కూడా అంతే.

పేస్ట్ ఎంపికలో మా కుర్రాడికీ నాకూ వాదన. వాడు అనెరోబిక్ థ్రెడ్ సీలెంట్ పెడదామన్నాడు. గాలి తగలని చోట, ఇనుము తగిలితే గట్టిపడే రకం అది. మంచి సరుకే, టేపర్ త్రెడ్‌లకి బాగా పనిచేస్తుంది. కానీ ఇది ఫిల్ ప్లగ్. మట్టం చూడ్డానికి విప్పుతూ ఉండాలి, పైగా ఆయిల్ పోశాకే బిగించాలి కాబట్టి చుట్లకి ఎంతో కొంత ఆయిల్ తడి తప్పదు. అలాంటిచోట గట్టిపడని పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పేస్ట్ మేలని నా లెక్క. విప్పడం తేలిక, పాత పేస్ట్ గీకే పని ఉండదు. కొస నుంచి మొదటి చుట్టు వదిలేసి మిగతా చుట్లకి పూశాం. టేపు వాడేవాళ్ళు కూడా ఆ మొదటి చుట్టు వదలాలి, బిగించే దిశలోనే చుట్టాలి. లేకపోతే టేపు పీలికలు లోపల ఆయిల్‌లోకి పోతాయి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరగకుండా ఆపే ఏర్పాటు) క్లచ్ పలకలున్న ఇరుసుల్లో అవి ఎక్కడికి చేరతాయో చెప్పలేం.

బిగింపు చేత్తో ఆగిన దగ్గర్నుంచి ఒకటిన్నర చుట్టు. టేపర్ ప్లగ్‌ని ఒకసారి బిగించాక అందంగా నిలబడాలని వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే పడిన సీల్ పోతుంది. తల వంకరగా ఉన్నా దాని ఖర్మ, ఉండనివ్వాలి.

డ్రెయిన్ ప్లగ్: వెల్డింగ్ వంచిన ముఖం

ఈ జాతి ఇరుసులకి చాలావాటికి కంపెనీ నుంచి డ్రెయిన్ ప్లగ్ రాదు. ఆయిల్ మార్చాలంటే వెనక కవర్ విప్పాల్సిందే. ఆ పని తప్పించుకోవడానికి ఎవరో కవర్ అడుగున రంధ్రం పెట్టి, ఎం14 × 1.5 (14 మి.మీ. లావు, 1.5 మి.మీ. పిచ్) నట్టు వెల్డ్ చేసి, ఇంజిన్ సంప్‌కి (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వాడే ప్లగ్ బిగించారు. ఆలోచన తప్పు కాదు, చాలామంది చేస్తారు. పని సగంలో ఆపేశారు, అంతే.

ప్లగ్ విప్పితే చుట్ల మీద టెఫ్లాన్ టేపు దుప్పటి, దాని మీద ఎర్ర సిలికాన్. వాషర్ లేదు. ఇది ప్యారలల్ త్రెడ్. చుట్ల మధ్య ఖాళీ ఉండేలాగే దాన్ని చేస్తారు. అక్కడ టేపు నింపి సీల్ చేయాలనుకోవడం అంటే, తలుపు వదిలేసి గోడకి తాళం వేయడమే. పైగా టేపు జారుడు వల్ల పానా మీద అదే బలం పెట్టినా బోల్టు మీద లాగుడు ఎక్కువ పడుతుంది. నట్టు మొదటి చుట్లు సాగిపోవడానికి కారణం అదేనని నా అనుమానం. నట్టు ముఖం మీద ఉలి దెబ్బలు కూడా రెండు ఉన్నాయి. ప్లగ్ తల అరిగినప్పుడు ఎవరో ఉలి, సుత్తితో తిప్పినట్టున్నారు. ఆ దెబ్బల అంచు లేచి చిన్న బొడిపె అయింది.

టేపు, సిలికాన్ పూర్తిగా తీసి, వాషర్ లేకుండా ప్లగ్‌ని చేత్తో ముఖానికి ఆనించాం. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని ఆకుల సెట్టు) పెడితే ఒక పక్క 0.2 మి.మీ. ఆకు దూరుతోంది, ఎదుటి పక్క 0.05 కూడా దూరట్లేదు. పౌడర్ మీద చంద్రవంక ఒక పక్కనే ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది. వెల్డింగ్ వేడికి నట్టు ఒక వైపుకి ఒరిగింది. ముఖం త్రెడ్ అక్షానికి లంబంగా లేదు. ఇలాంటి ముఖం మీద కొత్త రాగి వాషర్ పెట్టినా అది ఒక వైపు పూర్తిగా నలిగి, రెండో వైపు నలగకుండానే ఉంటుంది. ఎంత బిగిస్తే అంత ఒక వైపే బిగుస్తుంది. యజమాని చెప్పిన "ఎంత బిగించినా" వెనక ఉన్న సంగతి ఇదే.

ఆకురాయితో చదును చేద్దామనే ఆలోచన వస్తుంది. బొడిపె తీయడానికి ఆకురాయి సరిపోతుంది గానీ, చేత్తో లంబం కుదరదు. కవర్‌ని లేత్ షాపుకి పట్టుకెళ్ళాం. చిన్న లేత్ మీద ఈ కవర్ తిరగదు, బెడ్‌కి తగులుతుంది. పెద్ద లేత్ ఉన్న చోట ఎం14 × 1.5 మర ఉన్న మాండ్రెల్ (పట్టుకునే కడ్డీ) చేయించి, దాన్ని చక్‌లో పట్టి, కవర్‌ని మాండ్రెల్ మీదకి ఎక్కించి నట్టు ముఖాన్ని ఫేసింగ్ కొట్టించాం, అంటే చదునుగా కోయించాం. త్రెడ్‌నే ఆధారంగా పట్టుకుని కోసిన ముఖం త్రెడ్‌కి లంబంగానే వస్తుంది. అసలు పనంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది. బయటి అంచు పట్టుకుని కోస్తే చూడ్డానికి నునుపుగా వస్తుంది, వంకర మాత్రం అలాగే ఉంటుంది.

ముఖం నునుపు గురించి ఒక మాట. లేత్ వదిలే గుండ్రటి గీతలు పెద్ద ఇబ్బంది కావు, అవి కేంద్రం చుట్టూ తిరుగుతాయి, వాషర్ వాటిలోకి నలుగుతుంది. లోపలినుంచి బయటికి అడ్డంగా పోయే గీత ఒక్కటుంటే చాలు, అది కాలువ. ఉలి దెబ్బలు చేసింది ఆ పనే. ఫేసింగ్‌లో రెండూ పోయాయి.

కవర్ చేతిలో ఉండగానే వెల్డింగ్ కూడా చూశాం. నట్టు చుట్టూ బయటి వైపు సుద్ద పూసి ఆరనిచ్చి, లోపలి వైపు కిరోసిన్ పోసి వదిలాం. సన్నని రంధ్రం ఉంటే సుద్ద మీద తడి మచ్చ వస్తుంది. రాలేదు. వెల్డర్ చెయ్యి మంచిదే.

వాషర్‌గా కొత్త రాగిది పెట్టాం. బాండెడ్ సీల్ పెట్టమని కొందరంటారు. మంచిదే గానీ దాని స్టీలు చక్రం పూర్తిగా ఆనడానికి వెడల్పు ముఖం కావాలి. నట్టు ముఖానికి మూలల్లో చాంఫర్ పోగా మిగిలేది సన్నని వలయం, దాని మీద నాకు నమ్మకం కుదరలేదు. రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. పాతదే మళ్ళీ వాడక తప్పకపోతే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి. ఉక్కు ఇలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. అల్యూమినియం వాషర్ జోలికి ఇలా వెళ్ళకూడదు. అది ఎర్రబడకుండానే కరుగుతుంది, ధర కూడా అంత లేదు, కొత్తది వేసేయడమే.

చుట్లు పొడిగా తుడిచి, ఏమీ పూయకుండా, టార్క్ రెంచ్‌తో 35 న్యూటన్ మీటర్లకి బిగించాం. ఎం14 ప్లగ్, రాగి వాషర్, ఉక్కు నట్టు, ఇంతకన్నా అక్కర్లేదు. కంపెనీ ప్లగ్ ఉన్న బండైతే మాన్యువల్ అంకె చూడాలి, ఊహించకూడదు.

మళ్ళీ కట్టడం, పరీక్ష

కవర్‌కి మాత్రం సిలికానే వాడాం, ఆసిటిక్ వాసన రాని న్యూట్రల్ రకం. రెండు వెడల్పాటి ముఖాల మధ్య పలచగా ఉండాల్సిన చోటు సిలికాన్‌ది. ప్లగ్ దగ్గర తిట్టిన సరుకే ఇక్కడ మొదటి ఎంపిక. బోల్టులు ఎదురెదురుగా బిగించి, రాత్రంతా ఆరనిచ్చాం.

బ్రీతర్ కొత్తది, హోస్ వేసి ఛాసిస్ పైదాకా తీసుకెళ్ళి కట్టాం. నీళ్ళలో దిగే బండికి బ్రీతర్ ఇరుసు మీదే ఉండకూడదు.

ఆయిల్ పోసే ముందు గాలి పరీక్ష. బ్రీతర్ హోస్ నుంచి రెగ్యులేటర్‌తో 3 పీఎస్ఐ మాత్రమే ఇచ్చి, ప్లగ్గుల చుట్టూ, కవర్ అంచున సబ్బు నురుగు పూశాం. ఇక్కడ రెగ్యులేటర్ తప్పనిసరి. కంప్రెసర్ గాలి నేరుగా వదిలితే యాక్సిల్ సీళ్ళ పెదాలు తిరగబడతాయి, ఒక లీక్ ఆపబోయి మూడు కొని తెచ్చుకున్నట్టవుతుంది. మిగతా చోట్ల ఎక్కడా బుడగ రాలేదు. ఫిల్ ప్లగ్ ఆ పరీక్షకి పేస్ట్ లేకుండా చేత్తో మాత్రం బిగించి చూస్తే సన్నగా బుడగలు వచ్చాయి, పేస్ట్ పూసి ఒకటిన్నర చుట్టు బిగించాక ఆగాయి. టేపర్ త్రెడ్‌కి పేస్ట్ ఎందుకో మా కుర్రాళ్ళకి చూపించడానికే ఇలా రెండుసార్లు చేశాం.

జీఎల్-5 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, బండి సమంగా నిలబెట్టి ఫిల్ రంధ్రం కింది అంచు దాకా. నీళ్ళు కలిసిన చరిత్ర ఉంది కాబట్టి, కొద్ది రోజులు తిప్పాక ఈ ఆయిల్‌ని కూడా వదిలేసి కొత్తది పోయించాలని ముందే చెప్పాం. బేరింగుల సందుల్లో మిగిలిన నీళ్ళు మొదటి ఆయిల్‌తో పూర్తిగా పోవు.

మళ్ళీ టాల్కమ్ పౌడర్, మళ్ళీ బైపాస్. రెండు ప్లగ్గులూ పొడి. ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు చూస్తే అవి ఇంకా పొడిగానే ఉన్నాయి, వదిలిన ఆయిల్ పెనం మీద చిటపటలాడలేదు. పినియన్ సీల్ పెదం దగ్గర మాత్రం కొత్తగా సన్నని చెమ్మ కనిపించింది. చుక్క కట్టే స్థాయి కాదు. నీళ్ళు కలిసిన ఆయిల్‌లో ఏళ్ళ తరబడి తిరిగిన సీల్ అది, దాని ఆయుష్షు మీద హామీ ఇవ్వలేనని, చుక్క కడితే అప్పుడు మారుద్దామని చెప్పాను. ఆయన సరేనన్నాడు.

బండి పంపేముందు కవర్ మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో రెండు లైన్లు రాయించాం, తర్వాత ఎవరు విప్పినా కనపడేలా: "పైది: అరంగుళం ఎన్‌పీటీ, పేస్ట్ పూయాలి, వాషర్ వద్దు. కిందిది: ఎం14, కొత్త రాగి వాషర్, పేస్ట్ వద్దు, 35."